నిలబడి తోడే చెలిమె

నా చిన్నప్పుడు మా ఊరి ఏట్లో ఎవరూ నిలబడి మంచినీళ్లు తోడలేదు. ఎండాకాలం వచ్చిందంటే ప్రాణహిత మా ఒడ్డును వదిలేసి అవతలి ఒడ్డును పట్టుకుని పారేది. మా వైపు మిగిలేది ఇసుకే. ఆ ఇసుకలో చెలిమెలు తవ్వుకుని నీళ్లు తెచ్చుకునేవాళ్లం. చెలిమె అంటే బావి కాదు, చేతులతో ఇసుక తీసుకుంటూ పోతే అడుగున నీరు ఊరే చిన్న గుంట. మొదట ఊరిన నీళ్లు మురికిగా ఉంటాయి, వాటిని పారబోయాలి. తరువాత ఊరేవి తేటగా ఉంటాయి. వాటిని సొరకాయ బుర్రతో ముంచి బిందెలో పోసుకోవాలి. ఎంత గొప్ప ఇంటి మనిషైనా ఆ పనికి మోకాళ్ల మీద వంగాల్సిందే.

చెలిమెకు ఒక లెక్క ఉంది. లోతు మూరెడైతే వెడల్పు నాలుగు మూరలైనా ఉండాలి. పళ్లెంలా ఉండాలి గాని గ్లాసులా ఉండకూడదు. ఎండిన ఇసుక తనకు నచ్చిన వాలులోనే ఆగుతుంది, అంతకు మించి నిటారుగా నిలబెడితే జారుతుంది. ఇది నేను బడిలో నేర్చుకున్నది కాదు. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. మా పటేల్‌కూ తెలుసు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే తరువాత చాలామంది "పాపం, ఆయనకు తెలవదు" అన్నారు. ఆయన పుట్టి పెరిగింది ఆ ఒడ్డునే. ఆయనకు తెలుసు.

మా వాడ వాళ్లందరం పటేల్ పొలాల్లో కూలి చేసేవాళ్లం. వాడ చివర మట్టిగోడల చర్చి ఉండేది. అది ఉన్న జాగా కూడా పటేల్ ఇచ్చిందే. మా నాయనమ్మకు అక్షరం రాదు గాని, ఆదివారం చర్చిలో అయ్యగారు చదివిన వాక్యం వారమంతా ఆమె నోట్లో ఉండేది. ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ ఆ కథలు నాకు చెప్పేది. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఐగుప్తు రాజు కథ. బానిసలను వదలమని దేవుడు ఎన్నిసార్లు చెప్పించినా వినకుండా గుండెను రాయి చేసుకున్న రాజు. ఆ కథలో ఒక చోటికి రాగానే నాయనమ్మ చెయ్యి ఆగిపోయేది. రాయి ఆగేది. ఆమె ఎందుకు ఆగుతుందో నాకు అప్పుడు తెలియదు. నేను మాత్రం "తర్వాత ఏమైంది" అని తొందరపెట్టేదాన్ని.

మా బాపు తమ్ముణ్ని, నాయనమ్మ చిన్న కొడుకుని, మేము కాక అనేవాళ్లం. ఇరవై దాటని వయసు. చెలిమె తవ్వడంలో ఊళ్లో ఆయన తరువాతే ఎవరైనా. ఇసుక మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడ తవ్వండి అనేవాడు. నవ్వకుండా ఒక్క మాటైనా మాట్లాడేవాడు కాదు. నాయనమ్మ కోప్పడితే ఆమె గొంతుతోనే ఆమెకు జవాబు చెప్పేవాడు.

ఒక ఎండాకాలం పటేల్ వాకిట్లో బావి అడుగంటింది. ఆయన ఇంటి ఆడవాళ్లు కూడా ఏటికి రావలసి వచ్చింది. వాళ్లకు ఎగువన వేరే చెలిమె, మాకు దిగువన వేరే. మా నీడ వాళ్ల నీళ్ల మీద పడకుండా అంత దూరం. అయినా పటేల్‌కు ఒక సంగతి మింగుడు పడలేదు. ఒకనాడు పొద్దున ఒడ్డు మీద నిలబడి చూస్తే, ఎగువన ఆయన భార్య మోకాళ్ల మీద వంగి ఉంది, దిగువన మా ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి ఉన్నారు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియలేదు. అదీ ఆయన బాధ. నీళ్లు లేకపోవడం కాదు.

మా ఇంటోళ్లు నిలబడి తోడాలె అన్నాడాయన. నిలువెత్తు లోతు చెలిమె తవ్వాలి, దాని మీద మొద్దులు వేసి గిరక బిగించాలి, బొక్కెన వేసి తోడుకోవాలి. ఇసుకలో! తవ్వడానికి మా కాకనూ, వాడలో మరి కొందరినీ పిలిచారు. తవ్వేటప్పుడు మా చేతులకు అంటు ఉండదు. నీళ్లు ఊరిన తరువాతే ఉంటుంది.

పొద్దున కాక తనకు తెలిసిన తీరుగానే పని మొదలుపెట్టాడు. లోతుకు తగ్గట్టు చుట్టూ వెడల్పు తీయిస్తున్నాడు. పటేల్ వచ్చి చూసి, "ఏందిరా ఇది, చెరువు తవ్వుతున్నరా?" అన్నాడట.

"పటేలా, నిట్టనిలువు గోడ ఇసుకల ఆగదు. జర వాలు ఇయ్యాలె."

"నీళ్లు తాగేది నేను, లెక్కలు సెప్పేది నువ్వా? బావి లెక్క తవ్వుమన్న. బావి లెక్కనే తవ్వు."

కాక తలగుడ్డ బిగించుకుని, పక్కవాళ్లకు మాత్రమే వినబడేట్టు, "గిట్ల తవ్వితే నన్ను పైకి తీసుడుకు నిచ్చెన సాలదు, దేవదూత రావాలె" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ నవ్వు పటేల్ విన్నాడు. ఎందుకు నవ్వారని అడిగి, ఆ మాట కూడా చెప్పించుకున్నాడు. ఇవన్నీ తరువాత అక్కడున్నవాళ్లు చెప్పగా తెలిసినవి. ఇక నుంచి రాసేది నేను కళ్లారా చూసింది.

మధ్యాహ్నం నాయనమ్మ అంబలి ముంత పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఏటికి వచ్చింది. మేము వచ్చేసరికి గుంట మనిషి లోతు దాటింది. లోపల కాక ఒక్కడే ఉన్నాడు. పైనుంచి చూస్తే ఆయన తలగుడ్డ, పైకి వచ్చే తట్ట, అంతే. మిగతావాళ్లు ఆ తట్ట అందుకుని దూరంగా పోస్తున్నారు. గుంట అంచు మీద, సరిగ్గా అంచు మీద, పటేల్ కర్ర కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నాడు. పని చేసేవాడు తన కాళ్ల కింద కనబడాలి, అదీ ఆయనకు సంతోషం.

నాయనమ్మ ముంత దించలేదు. కుర్చీ కాళ్ల వైపు చూసింది. నేనూ చూశాను. ముందు కాళ్ల కింద ఇసుక, చిల్లు పడ్డ సంచిలోంచి ఉప్పు కారినట్టు, సన్నగా లోపలికి కారుతోంది. చప్పుడు లేదు.

"పటేలా, కాల్మొక్త," అంది నాయనమ్మ. "కుర్చీ జర వెనుకకు జరుపుకో. అంచు కారుతాంది."

పటేల్ ఆమె వైపు చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. "సూసిండ్లా, నేనెక్కడ కూసోవాల్నో ముసల్ది సూపిస్తాంది."

"అయ్యా, లోపట నా కొడుకున్నడు."

ఆయన లేచాడు. వెనక్కు జరుపుతాడనే అనుకున్నాను. రెండు చేతులా కుర్చీ ఎత్తి, ఒక జానెడు ముందుకు వేసుకుని, దాంట్లో బరువుగా కూర్చున్నాడు.

ఇంతకాలంగా ఇళ్లకు లెక్కలు కడుతున్నాను. ఆ జానెడు కంటే పెద్ద కొలత నాకు ఎక్కడా తగలలేదు.

అంచు ఊడింది. కుర్చీ, గొడుగు, పటేల్ అన్నీ జారాయి. పటేల్ తొడల దాకా ఇసుకలో దిగబడి అక్కడే ఆగాడు. అప్పటిదాకా ఆయన పాదాల కింద కనబడిన తలగుడ్డ ఇప్పుడు కనబడలేదు.

ఇక్కడ నాకు కోపం పటేల్ మీద కంటే మా వాళ్ల మీద ఎక్కువ. అందరూ పరుగెత్తారు. పటేల్ మనుషులూ పరుగెత్తారు, మా వాడ మగవాళ్లూ పరుగెత్తారు. అందరూ పటేల్ దగ్గరికే. ఆయన తల పైనే ఉంది, నోరు పైనే ఉంది, ఆ నోటితో అరుస్తూనే ఉన్నాడు. కింద ఊపిరి ఆడని మనిషి అరవలేడు కదా, కనుక కాకను ఎవరూ వినలేదు. మా వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎవరిని ముందు లేపాలో వాళ్ల చేతులకు తాతల నాటి నుంచి నేర్పి ఉంచారు, ఆ చేతులు మనిషిని అడగకుండానే కదిలాయి. నాకు ఇది అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గదు.

నాయనమ్మ ఒక్కతే ఇసుక మీద బోర్లా పడుకుంది. చెలిమె కూలినప్పుడు మా దగ్గర చేసేది అదే. బరువు ఒక చోట పడకుండా పడుకుని, లోపలి ఇసుకను బయటికి లాగాలి. "పండుకోండ్రి! నిలవడకుండ్రి! పండుకోండ్రి!" అని ఆమె అరుస్తూనే ఉంది. పటేల్‌ను లాగేవాళ్లు నిలబడే లాగారు. ఆయన ముందు పడుకోవడం మర్యాద కాదనుకున్నారో ఏమో. అడుగు మార్చినప్పుడల్లా కొంత ఇసుక కాక మీదికి జారింది.

పటేల్ బయటపడ్డాడు. ధోతి దులుపుకున్నాడు. ఆయన మొదట అడిగిన మాట నాకు ఇప్పటికీ ఆయన గొంతులోనే వినబడుతుంది.

"నా గొడుగేది?"

అప్పుడు గాని మా వాళ్లు ఇటు తిరగలేదు. ఆ తరువాత అందరూ పడుకున్నారు, అందరూ లాగారు. కాక చేతులు ముందు దొరికాయి. పైకి చాపి ఉన్నాయి. నాయనమ్మ ఆయన నోట్లో ఇసుక తన వేలితో తీసి, కొంగుతో ముఖం తుడిచి, అంబలి ముంత వైపు చూసింది. ఇంకా ఆయనకు ఆకలి వేస్తుందన్నట్టు చూసింది.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. అయ్యగారు గర్వం గురించి వాక్యం చెప్పారు. గర్వం ముందు నడుస్తుంది, నాశనం దాని వెనుకే వస్తుంది అన్నారు. ఆకాశాన్ని అంటే గోపురం కడతామని చెల్లాచెదురైన వాళ్ల కథ చెప్పారు. పశువులా గడ్డి మేసిన బబులోను రాజు కథ చెప్పారు. నేను నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఇప్పుడు పటేల్ పేరు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని ఎదురుచూశాను. వచ్చింది పటేల్ పేరు కాదు. మన మధ్య కూడా ఒక యువకుడు తన కండబలం చూసుకుని అతిశయపడ్డాడు, దేవదూతల మీద పరిహాసమాడాడు, ఏమైందో చూశారు కదా, పిల్లలారా ఇది మనకు పాఠం అన్నారు.

పటేల్ ముందు రోజే అయ్యగారి ఇంటికి కబురు పంపాడని పెద్దయ్యాక తెలిసింది.

నాయనమ్మ లేచి నిలబడింది. ఆడవాళ్లు ప్రార్థనకు తప్ప లేవకూడదు. అయ్యగారు ఆమెకు ప్రార్థన చేయాలని ఉందేమో అనుకుని ఆగారు.

"అయ్యగారూ, ఐగుప్తు రాజు గర్వపడ్డడు. ఎన్నిసార్లు సెప్పిచ్చినా ఇనలె. దానికి ఆ దేశంల పెద్దకొడుకులందరు సచ్చిండ్లు. అవునా?"

"అవునమ్మా."

"ఇసుర్రాయి కాడ దాసిది ఒకతున్నది గదా ఆ కథల. దాని పెద్దకొడుకు గూడ సచ్చిండని మీరే సదివిండ్లు. అదెవ్వరి మీద గర్వపడ్డది? జొన్నలు ఇసురుకుంట ఎవ్వరిని తక్కువ సూసింది?"

అయ్యగారు పుస్తకంలో పేజీలు తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు.

"గర్వం పటేల్‌ది. సావు నా కొడుకుది," అంది నాయనమ్మ. "రెండింటినీ కలిపి ఒక్కని నెత్తి మీద పెట్టకుండ్రి."

"కూర్చో అమ్మా. నీ దుఃఖం దేవుడు చూస్తడు. ప్రార్థన చేసుకుందాం," అన్నారాయన. ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాయనమ్మ కూడా మూసుకోలేదు. కథ ఆ చోటికి రాగానే ఇసుర్రాయి ఎందుకు ఆగేదో అప్పుడు నాకు అర్థమైంది. ఎప్పుడో పుస్తకంలో చనిపోయిన ఒక దాసి కొడుకు కోసం, తన కొడుకు బతికుండగానే, ఆమె చెయ్యి ఆగేది.

చర్చి నుంచి నేరుగా ఏటికి వెళ్లాం. ఇంట్లో నీళ్లు లేవు. చావు జరిగిన ఇల్లైనా నీళ్లు కావాలి. మేము వెళ్లేసరికి మా చెలిమె దగ్గర పటేల్ భార్య ఉంది. ఎగువన వాళ్ల పాత చెలిమె, దాని పక్కనే తవ్విన కొత్త గుంట కూలినప్పుడు పూడిపోయింది. ఆమె ఖాళీ బిందె పక్కన పెట్టుకుని మా చెలిమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నీళ్లను ముట్టలేదు. ముంచుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు కూడా. మమ్మల్ని చూసి లేవబోయి, బిందెను దగ్గరికి లాక్కుంది.

నేను సంతోషించాను. నాయనమ్మ ఇప్పుడు ఆమెను వెళ్లగొడుతుందనీ, బిందె ఏట్లో విసిరేస్తుందనీ అనుకున్నాను. నాయనమ్మ ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. సొరకాయ బుర్రతో పైనీళ్లు తీసి పారబోసింది. తేట నీళ్లు ఊరేదాకా ఆగింది. అప్పుడు ఆ బుర్రను, మా చేతుల బుర్రను, ఆమె వైపు తిప్పి పట్టుకుంది.

పటేల్ భార్య చుట్టూ చూడలేదు. రెండు చేతులతో అందుకుని, అక్కడే తాగింది. తాగుతూ ఏడ్చింది. బిందె నింపుకుని వెళ్లిపోయింది.

దారిలో నాకు ఉండబట్టలేదు. "వాళ్లకెందుకు ఇచ్చినవ్ అవ్వా? కాకను సంపిండ్లు గదా!" అని కొట్లాటకు దిగాను.

నాయనమ్మ బిందె చంక మార్చుకుంది. "ఆమె పైన కూసున్నదనుకుంటున్నవా నువ్వు? పైన కుర్చీ ఉన్నది ఒక్కడికే బిడ్డా. ఆమె గూడ గుంటలనే ఉన్నది. జర మనకన్నా పైమెట్టు మీద, అంతే."

అది ఆమె మంచితనం. నాకు అంత మంచితనం రాలేదు, వచ్చిందని అబద్ధం రాయను. పటేల్ చాలా ఏళ్లు బతికాడు. ఆ వానాకాలం ఆయన బావి నిండింది. నాశనానికి ఆయన ఇంటి దారి దొరకలేదు, మా వాడ దారి మాత్రం వెంటనే దొరికింది. గర్వం వల్ల నాశనం వస్తుందని ఎవరైనా చెబితే నేను కాదనను. వస్తుంది. ఎవరి మీదికి వస్తుందో కూడా అదే నోటితో చెప్పమంటాను.

మాది మహారాష్ట్ర వైపు ఒడ్డు, నా చదువు మరాఠీ బడిలో ఏడో తరగతితో ఆగిపోయింది. మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తూ, గోడ ఎంత, ఇటుకలెన్ని, సిమెంటు ఎంత అని నాకు నేనే లెక్కలు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు సిరొంచ చుట్టుపక్కల ఇల్లు మొదలుపెట్టేవాళ్లు లెక్క కోసం ముందు నా దగ్గరికి వస్తారు. మా వాడ పిల్లలు చదువుకున్నారు. టీచర్లున్నారు, నర్సులున్నారు, ఆఫీసుల్లో కుర్చీల్లో కూర్చునేవాళ్లున్నారు. ఆ పాత మట్టి చర్చిని తీసేసి కొత్తది కడుతున్నారు. మొన్న చర్చి కమిటీ పెద్ద నన్ను ఆ పని దగ్గరికి పిలిపించాడు. మా వాడవాడే, నాకంటే చిన్నవాడు, కాలేజీలో పాఠం చెబుతాడు.

"అక్కా, గంట గోపురం పక్కూరి సర్చి కన్నా ఒక నిలువు ఎక్కువ రావాలె. ఎంత సామాను పడ్తదో లెక్క కట్టు," అన్నాడు.

ఎక్కువ ఎందుకు అని అడిగాను. "వాళ్లకన్న మనమేమన్న తక్కువనా?" అన్నాడు. మేము వారం వారం విని పెరిగిన కథల్లో ఒక గోపురం కూడా ఉందని ఆయనకు గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను. ఎందుకంటే అప్పటికే నా కళ్లు వేరే చోట ఉన్నాయి. పునాది కందకం ఏటి ఒడ్డు నేలలో, సగం ఇసుకలో, గోడలు నిట్టనిలువుగా దిగి ఉంది. లోపల ఒక మనిషి తవ్వుతున్నాడు. తలగుడ్డ ఒక్కటే కనబడుతోంది. అంచు మీద ప్లాస్టిక్ కుర్చీలో కమిటీ పెద్ద.

"కుర్చీ వెనుకకు జరుపు," అన్నాను.

"నువ్వు లెక్కలు సూడక్కా, పని నేను సూస్త."

నేను రెండోసారి చెప్పలేదు. రెండోసారి చెప్పినందుకు ఏమైందో నాకు తెలుసు. కుర్చీ వెనక కాళ్లు పట్టుకుని, ఆయన దాంట్లో ఉండగానే, నా బలం కొద్దీ లాగాను. ఆయన వెనక్కు పడబోయి లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఏందక్కా గిది, పది మందిల!"

"లోపట ఉన్నదెవరు?"

"ఎవరో ఏటపల్లి అడవి దిక్కు పిల్లగాడు. కూలికొచ్చిండు."

"పేరేంది?"

ఆయనకు తెలియదు. పక్కవాళ్లకూ తెలియదు. మన తాతల పేర్లు కూడా ఇట్లాగే ఎవరికీ తెలియకుండా పోయాయని నేను గట్టిగానే అరిచాను. చదువుకున్న మనిషితో అట్లా అరవకూడదని కొందరు అన్నారు. అననీ.

అంచుకు దూరంగా మోకాళ్ల మీద కూర్చుని, ఇసుక మీద చేతులు ఆనించి లోపలికి వంగాను. నిలబడితే తలగుడ్డే కనబడింది. వంగితే ముఖం కనబడింది. మీసం కూడా సరిగా రాలేదు. వాళ్ల గోండి మాట నాకు రాదు, మరాఠీలో పేరు అడిగాను. పనిలో తప్పు చేశానేమోనని మొదట భయపడి, తరువాత చెప్పాడు. ముందు పైకి రమ్మన్నాను. చెయ్యి చాపాడు, పట్టుకున్నాను.

కందకానికి రెండు వైపులా వాలు తీస్తున్నారు. గోపురానికి ఎంత సామాను పడుతుందని కమిటీ వాళ్లు రోజూ కబురు పంపుతున్నారు. ఆ లెక్క నేను ఇంకా మొదలుపెట్టలేదు.